ఎర్రదీపం సాక్షిగా

ఇంట్లో నెట్ ఆగిన మరుక్షణమే కుటుంబమంతా ఒక్క ముద్దాయి మీదే వేలు చూపడం, టీవీ పక్కన మూడేళ్లుగా దుమ్ము తప్ప మరే జీతమూ పుచ్చుకోకుండా పనిచేస్తున్న రౌటర్ పట్ల ఘోరమైన అన్యాయమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

మొన్న ఆదివారం మా ఇంట జరిగిన విచారణనే తీసుకోండి. ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి కనుక లోపం రౌటర్ బుద్ధిలోనే ఉందని మా బావమరిది తీర్పు చెప్పాడు. ఆ గీతలు ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న ఆరడుగుల స్నేహానికి మాత్రమే సాక్ష్యమనీ, బయటి ప్రపంచంతో రౌటర్‌కు మాటలున్నాయో లేవో వాటికి తెలియదనీ నేను చేసిన విన్నపం వీగిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి ధారాళంగానే ఇచ్చాడు, గర్భగుడిలో ఎవరూ లేరు.

చాలా రౌటర్లకు బ్రౌజర్‌లో 192.168.1.1 అనే వాటి ఇంటి చిరునామా కొడితే, నెట్ లేకున్నా లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య తగువు లేనట్టే. ఆపైన గూగుల్ వారి సర్వర్ 8.8.8.8కు పింగ్, అంటే ‘ఉన్నావా’ అనే పలకరింపు, కొట్టినప్పుడు జవాబు వస్తే, దారి బాగానే ఉంది, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ కునుకు తీస్తోందని అనుమానించవచ్చు. ఇంత పద్ధతైన విచారణ మా వంశంలో లేదు. ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్లీ వెలిగించడమే మా ఆచారం. బిగుసుకుపోయిన రౌటర్‌కు అది నిజంగానే మందు, కాదనను.

మూడు మోతాదులూ పనిచేయకపోయేసరికి మా బావమరిది గుండుసూది తెప్పించి, వెనకనున్న రీసెట్ రంధ్రంలో పది సెకన్లపాటు పొడిచాడు. దాంతో రౌటర్ పుట్టిననాటి అమాయకత్వానికి చేరుకుని, వైఫై పాస్‌వర్డుతోపాటు కనెక్షన్ యూజర్‌నేమ్ కూడా మరిచిపోయింది.

ఇంతసేపూ గోడమీది ఫైబర్ పెట్టెలో ఎల్ఓఎస్ అనే ఎర్రదీపం మిణుకుమంటూనే ఉంది. వెలుతురు లోపలికి రావడం లేదని దాని మొర. వీధిలో కరెంటు స్తంభాల వెంట వేలాడే ఆ తీగ లోపలి గాజుపోగు మందం 125 మైక్రాన్లు, ఇంచుమించు వెంట్రుకంత. చెట్ల కొమ్మలు కొట్టినవారు దానికీ క్షౌరం చేసిపోయారు.

సాయంత్రం లైన్‌మ్యాన్ కుర్రాడొచ్చి తెగిన పోగు అతికించాడు. ఎర్రదీపం ఆరింది, నెట్ మాత్రం రాలేదు. అతడు బల్లమీది గుండుసూదిని చూసి, “రీసెట్ ఎవరు కొట్టారండీ?” అని అడిగాడు.

కుటుంబమంతా మూకుమ్మడిగా రౌటర్ వైపు చూసింది.