బావా, ఊరు దాటితే చేయి ఆగదు

పోయిన ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో బావ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. గాజువాక నుంచి మధురవాడ దాకా అందరి ఫోన్లూ తిరిగొచ్చిన మెసేజే. అందులో ఉన్నది ఇది: అమెరికాలో అండర్‌గ్రౌండ్ కామిక్స్ గీసినవాళ్లు దొంగచాటుగా బతికారట. ప్రభుత్వం నిషేధిస్తే ఫ్రాన్స్ పారిపోయి, డాలర్లతో బంగళాలు కొనుక్కుని, బొమ్మలు మానేశారట. సొంత గడ్డ వదిలితే బొమ్మకు ప్రాణం ఉండదట. మేనల్లుడు ఫ్రాన్స్‌లో కామిక్స్ చదువుతానంటున్నాడు కాబట్టి బాణం ఎవరి మీదకో అందరికీ తెలిసిపోయింది.

ముందు దొంగచాటు మాట. 1968లో ఈ కామిక్స్ గీసినవాళ్లలో పేరున్న రాబర్ట్ క్రంబ్, తన 'జాప్' అనే కామిక్ పత్రిక మొదటి సంచికను శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో, పసిపిల్లల తోపుడు బండిలో పెట్టుకుని అమ్మాడు. మన జగదాంబ జంక్షన్‌లో నిలబడి అమ్మినట్టన్నమాట. కామిక్స్‌లో ఏం ఉండొచ్చో ఏం ఉండకూడదో చెప్పే 'కామిక్స్ కోడ్'ను పెద్ద పబ్లిషర్లు 1954లో తమకు తామే పెట్టుకున్నారు. ఆ కోడ్ ముద్ర లేకుండా, మామూలు పేపర్ స్టాళ్లకు బయట ఈ కామిక్స్ అమ్ముడయ్యాయి కాబట్టే అండర్‌గ్రౌండ్ అనే పేరు.

నిషేధం సంగతిలో పిసరంత నిజం ఉంది. అశ్లీలమంటూ, జాప్ నాలుగో సంచిక అమ్మినందుకు న్యూయార్క్‌లో దుకాణం వాళ్లకు శిక్ష పడింది. ఏది అశ్లీలమో స్థానికుల ప్రమాణాలతో తేల్చొచ్చని 1973లో అమెరికా సుప్రీంకోర్టు అనేసరికి చాలా షాపులు జడిశాయి. దెబ్బ తిన్నది అమ్మేవాళ్లు. క్రంబ్ ఫ్రాన్స్ వెళ్లింది 1991లో. 18 ఏళ్లు ఆగి పారిపోయేవాణ్ని నేనైతే చూడలేదు!

బంగళాకు డాలర్లూ పోయలేదు. తన స్కెచ్‌బుక్కులు ఇచ్చి, సోవ్ అనే చిన్న ఊళ్లో పాత ఇల్లు తీసుకున్నాడు.

ఇక మానేశారన్నది శుద్ధ అబద్ధం. బైబిల్ ఆదికాండం 50 అధ్యాయాల్లో ఒక్కటీ వదలకుండా క్రంబ్ బొమ్మలకెక్కించింది ఆ ఊరు వెళ్లాకే. పుస్తకం 2009లో వచ్చింది. భార్య అలీన్‌తో కలిసి ఒకే పేజీ మీద కామిక్స్ గీసేవాడు, ఎవరి బొమ్మ వాళ్లు వేసుకుంటూ. (మొగుడూ పెళ్లాల తగువు కూడా అలాగే కాగితం మీదికి వచ్చేది.) 2022లో అలీన్ పోయింది. గిల్బర్ట్ షెల్టన్ అనే మరో అండర్‌గ్రౌండ్ ఆర్టిస్టు పారిస్‌లో స్థిరపడి, పిక్ అనే ఫ్రెంచ్ ఆర్టిస్టుతో కలిసి ఒక రాక్ బ్యాండ్ కథలు గీశాడు.

గడ్డ వదిలితే ప్రాణం పోతుందన్న మాటకు మన ఇంట్లోనే జవాబుంది. బాపు ఉన్నది మద్రాసులో, బొమ్మల్లో పారింది గోదావరి. అండర్‌గ్రౌండ్ కాకపోయినా, మర్జాన్ సత్రాపి 1994లో ఫ్రాన్స్ చేరాకే తన టెహ్రాన్ బాల్యాన్ని కామిక్‌గా గీసింది. ఇంట్లో ఉన్నప్పుడు పట్టించుకోని గుమ్మం, దూరం వెళ్లాక గీతగీతా గుర్తొస్తుంది.

బావా, నీ టెన్షన్ బొమ్మ గురించి కాదని నాకు తెలుసు. ఫీజు, వీసా, అక్కడి అద్దె. ఆ కాగితాలు పట్టుకుని సాయంత్రం ఇంటికి రా, కూర్చుని లెక్క వేద్దాం.