ఫ్లోటింగ్ మార్కెట్ వేస్ట్ అనేవాళ్ళు ముందు ఎన్ని గంటలకి వెళ్ళారో చెప్పండి

మా ఆఫీసులో ఇప్పటికి నలుగురు చెప్పారు, థాయిలాండ్ వెళ్తే ఆ ఫ్లోటింగ్ మార్కెట్ (కాలవలో పడవల మీద జరిగే సంత) మాత్రం స్కిప్ చేసెయ్యండి, అంతా టూరిస్ట్ డ్రామా అని. ఎన్ని గంటలకి వెళ్ళారండీ అంటే అందరిదీ ఒకటే కథ. ప్యాకేజీ వ్యాన్ పదకొండింటికి దింపింది, ఒంటిగంటకి ఇండియన్ బఫే. అరె, పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి సర్దేసే సంతకి పదకొండింటికి వెళ్తే ఏముంటుంది, ఏనుగు బొమ్మల ప్యాంట్లూ, ఫ్రిజ్ మాగ్నెట్లూ, మెడలో కొండచిలువ వేసి ఫొటో తీసేవాళ్ళూ తప్ప!

మొదటిసారి నేనూ ఇలాగే బుక్కయ్యా, దాచడమెందుకు. బ్యాంకాక్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, డమ్నన్ సదువక్ అనే ఫ్లోటింగ్ మార్కెట్. వ్యాన్ అతను ఏదో ప్రైవేటు రేవు దగ్గర ఆపాడు, అక్కడ బోటుకి చెప్పిన రేటు విని మా ఆయన మొహం మాడిపోయింది, బేరమాడి సగానికి దింపి ఎక్కితే కాలవలో మన అమీర్‌పేట ట్రాఫిక్కే, పడవకి పడవ రాసుకుంటూ, గట్టు మీద షాపుల వాళ్ళు కొక్కెం కర్రలతో మన పడవని లాక్కుని మరీ అమ్మడం. తిట్టుకుంటూ వచ్చేశా. తర్వాత తెలిసింది, ఆ కాలవని థాయ్ రాజు నాలుగో రామ 1866లో తవ్వించడం మొదలుపెట్టాడట, రెండేళ్ళు పట్టింది, 32 కిలోమీటర్లు, మే క్లాంగ్ నదినీ తా చిన్ నదినీ కలుపుతూ. డమ్నన్ సదువక్ అన్న పేరుకి అర్థమే ఇబ్బంది లేని ప్రయాణం అట, నాకు మాత్రం ఇబ్బందే జరిగింది.

రెండోసారి మా అత్తయ్యగారిని తీసుకెళ్ళాం. ఆవిడది కోనసీమ, లంకల్లో పుట్టి పెరిగిన మనిషి, కొబ్బరికాయల పడవల మీద స్కూలుకెళ్ళిన బాపతు. ఈసారి వ్యాన్ వద్దనుకుని సముత్ సాంగ్‌ఖ్రామ్ జిల్లాలోనే రాత్రి ఉన్నాం (పేరు చూశారా, సముద్ర సంగ్రామం, పక్క జిల్లా రాత్చబురి అంటే రాజపురి, బోర్డులు చదవడం వస్తే సగం సంస్కృతమే). అక్కడ తా ఖా అని చిన్న సంత. ఇప్పుడు వీకెండ్స్‌లో కూడా పెడుతున్నారు గానీ పాత పద్ధతి ప్రకారం ఆ సంత రోజులు వారాన్ని బట్టి కాదు, తిథిని బట్టి! శుక్లపక్షమైనా కృష్ణపక్షమైనా విదియ, సప్తమి, ద్వాదశి. అత్తయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, "పోటూ పాటూ చూసుకుని పెట్టుంటారమ్మాయ్, నీళ్ళు లేనిరోజు పడవేం కదుల్తుంది" అన్నారు. కరెక్ట్ అదే కారణం. ఇంజనీరింగ్ చదివిన మా ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

అక్కడ ఇంజిన్ల మోత లేదు, ముసలమ్మలు తాటాకు టోపీలు పెట్టుకుని తెడ్డు వేసుకుంటూ వస్తారు, పడవలో వాళ్ళ తోటలో కాసినవే, పంపరపనసలు, అరటిగెలలు, మిరపకాయలు. ఒకావిడ పడవలోనే పొయ్యి పెట్టి ఖనోం క్రోక్ వేస్తోంది, అచ్చం మన గుంటపొంగణాల పెనమే, పిండి మాత్రం బియ్యప్పిండీ కొబ్బరిపాలూ, పైన ఉల్లికాడలు. అత్తయ్యగారు రెండు ప్లేట్లు లాగించారు. బోట్ నూడుల్స్‌కి మాత్రం శాకాహారులు దూరం, ఆ పులుసులో రక్తం కలుపుతారు. గిన్నె చిన్నదెందుకంటే ఊగే పడవలోంచి ఒలక్కుండా అందించాలి కదా, అందుకని అందరూ మూడు నాలుగు గిన్నెలు తింటారు. ఇంకోటి, ఏ కూరలో చూసినా చేపల సాస్ పడుద్ది, మాంసం చేపా ఏదీ వద్దంటే "జే" అనండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే ఆ షాపు సేఫ్.

సాయంత్రం అంఫవా. రోడ్లు వచ్చాక మూలపడిపోయిన సంతని 2004లో మళ్ళీ లేపారు. మళ్ళీ లేపిందంటే నకిలీ అన్నట్టేనా? అక్కడ సాయంత్రం కాల్చిన రొయ్యలు తినేవాళ్ళలో థాయ్ కుటుంబాలే ఎక్కువ, వీకెండ్‌కి పిల్లల్ని వేసుకుని వస్తారు. నాకు నచ్చంది ఒకటే, చీకటి పడ్డాక మిణుగురుల బోట్లు. లంఫూ చెట్ల నిండా మిణుగురులు, చూడ్డానికి అద్భుతమే, కానీ పడవల మోతకి నిద్రపట్టక ఒడ్డున ఉన్నవాళ్ళు కొందరు ఆ చెట్లే నరికేశారని వార్తలొచ్చాయి. మేం తెడ్డు పడవ దొరికేదాకా ఆగి వెళ్ళాం, గంటన్నర వెయిటింగ్, మా ఆయన సణుగుడు ఫ్రీ.

బ్యాంకాక్‌లో కూడా అంతే, మనోళ్ళు మన పాటలే పెట్టే డిన్నర్ క్రూజ్‌కి వేలు పోస్తారు. చావ్ ప్రాయా నది మీద ఆరెంజ్ జెండా బోటు మేం వెళ్ళినప్పుడు 16 బాత్‌లు, కండక్టరమ్మ ఇనప గొట్టంలో చిల్లర టకటకలాడిస్తూ వస్తుంది, ఆఫీసుకెళ్ళేవాళ్ళూ బౌద్ధ భిక్షువులూ స్కూలు పిల్లలూ అందరూ అందులోనే, పక్కనే వాట్ అరుణ్ గుడి (అవును, మన అరుణుడే) కనిపిస్తూ ఉంటుంది. ఇంతకన్నా క్రూజ్ ఏం కావాలి?

కార్తీక పౌర్ణమికి వెళ్ళగలిగితే ఇంకా మంచిది. అరటి బోదె ముక్కల్లో దీపం పెట్టి నీళ్ళలో వదుల్తారు, లాయ్ క్రతోంగ్ అంటారు, నీళ్ళు పాడుచేసినందుకు గంగమ్మని క్షమించమని అడుగుతారట. ఇది చెప్తే అత్తయ్యగారు "మనం వదుల్తాం గానీ క్షమాపణ అడగం కదే" అని ఊరుకున్నారు, వాళ్ళ ఊరి కాలవ నిండా ఇప్పుడు గుర్రపుడెక్కే.

తా ఖాలో కొన్న కొబ్బరి బెల్లం, కొబ్బరి పూగెల నీరా కాచి చేస్తారు, ఇంకా ఒక ముక్క ఫ్రిజ్‌లో ఉంది. మొన్న పరమాన్నంలో వేశారు అత్తయ్యగారు. కొంచెం పొగ వాసన వస్తోందని మావయ్యగారు వంక పెట్టి, రెండో గిన్నె అడిగారు.