సవరణ: ఆకుపచ్చ కాలనీ ఒక్కటే చూసి పారాహీమోలిటికస్ అనెయ్యొద్దు

విశాఖ ఫిషింగ్ హార్బర్ రొయ్యల్లో విబ్రియో అనే బ్యాక్టీరియా పరీక్ష గురించిన నా ముందు పోస్టులో, టీసీబీఎస్ అగార్ (విబ్రియోలను పెంచే పోషక జెల్లీ) మీద ఆకుపచ్చ కాలనీ, అంటే బ్యాక్టీరియా గుంపు, వస్తే అది విబ్రియోల్లో ఒక జాతి అయిన పారాహీమోలిటికస్సే అనీ, ఆ కాలనీకే నేరుగా ఆక్సిడేజ్ పరీక్ష (ఆ ఎంజైము ఉందో లేదో రంగుతో చూపేది) చేయొచ్చనీ రాశాను. రెండూ తప్పే. ఆహార సూక్ష్మజీవుల పరీక్షకు వాడే ప్రామాణిక మాన్యువల్స్‌లో ఉన్నది ఇది.

ఆ రంగు జెల్లీలోని సుక్రోజ్ (చక్కెర) పులిసిందా లేదా అన్నదే చెబుతుంది: పులిస్తే ఆమ్లం పుట్టి పసుపు, లేకపోతే ఆకుపచ్చ. మరో విబ్రియో జాతి వల్నిఫికస్ కూడా ఎక్కువగా ఆకుపచ్చగానే వస్తుంది. తేడా పట్టించేది ఉప్పు. పారాహీమోలిటికస్ ఉప్పు లేని పెప్టోన్ వాటర్‌లో (పోషక ద్రవంలో) పెరగదు, 8 శాతం ఉప్పులో పెరుగుతుంది, 10 శాతంలో పెరగదు. వల్నిఫికస్ 8 శాతానికే పెరగదు. ఇంత చవకైన పరీక్షను వదిలేయడం అన్యాయం.

ఆక్సిడేజ్ సంగతి: టీసీబీఎస్ మీద, ముఖ్యంగా పసుపు కాలనీల్లో, ఆమ్లం వల్ల దొంగ నెగటివ్ వస్తుంది. విడి కాలనీని 2 శాతం ఉప్పున్న ట్రిప్టిక్ సోయా అగార్ (సాధారణ పోషక జెల్లీ) మీద గీసి, రాత్రంతా పెంచి, చెక్కపుల్లతో తీయండి. నైక్రోమ్ లూప్ (కాలనీని తీసే లోహపు తీగ) వాడితే దొంగ పాజిటివ్ వస్తుంది. ఊదా రంగు 10 సెకన్లలోపు రావాలి. ఆలస్యంగా వచ్చింది లెక్కలోకి రాదు.

పారాహీమోలిటికస్ అని తేలాక, అది మనిషికి జబ్బు తెచ్చే రకమా కాదా అన్నది ప్రధానంగా టీడీహెచ్, టీఆర్‌హెచ్ అనే విషపదార్థాల జన్యువుల పీసీఆర్‌తో (జన్యువు ఉందో లేదో చూసే పరీక్షతో) చూస్తారు. రంగు చూసి రిపోర్టు రాసినవాళ్లు దాచిపెట్టిన కల్చర్లను (పెంచిన బ్యాక్టీరియాను) మళ్లీ పరీక్షించండి.