జంటపదాల విలీనంపై సవినయ ప్రతిపాదన

ఇంగ్లీషులో అనవసరపు సిబ్బంది ఎక్కువైపోయారు. ఒకే చప్పుడుకు ఇద్దరేసి, ఒక్కోచోట ముగ్గురేసి పదాలు కూర్చుని జీతం తీసుకుంటున్నాయి. ఊళ్లను మున్సిపాలిటీల్లోనూ, మున్సిపాలిటీలను కార్పొరేషన్లలోనూ కలిపేసిన అనుభవం మనకు పుష్కలంగా ఉంది. అదే చేత్తో ఈ జంటపదాలనూ కలిపేస్తే పరీక్షల్లో మార్కులు, ఆఫీసుల్లో పరువు, ఫ్లెక్సీల్లో అచ్చుఖర్చు మిగులుతాయి. దీనివల్ల ఎవరికీ అన్యాయం జరగదని కేసులవారీగా మనవి చేసుకుంటున్నాం.

మొదటి ఫైలు స్టేషనరీది. చివర ‘ఏ-ఆర్-వై’ ఉంటే కదలకుండా నిలబడ్డదని అర్థం. ‘ఈ-ఆర్-వై’ ఉంటే కాగితాలూ పెన్నులూ గుండుసూదులూ. ఎన్వలప్ ‘ఈ’తో మొదలవుతుంది కనుక కాగితాల స్టేషనరీలో ‘ఈ’ ఉంటుందని గుర్తుపెట్టుకోమంటారు మాస్టార్లు. చిట్కా భేషుగ్గా ఉంది. ఎన్వలప్‌ను మనం కవరంటాం, అదొక్కటే చిక్కు. అసలు సంగతేమిటంటే ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. మధ్యయుగాల యూరప్‌లో సరుకు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లే ఎక్కువ. విశ్వవిద్యాలయం పక్కన కొట్టు పెట్టుకుని, ఉన్నచోటే కూర్చుని పుస్తకాలమ్మినవాడు స్టేషనర్ అయ్యాడు. కదలనివాడు అమ్మింది స్టేషనరీ అయింది. ఇండెంట్ పెట్టి మూడు నెలలైనా స్టోర్ నుంచి కదలని మన ఆఫీసు స్టేషనరీ ఏ స్పెల్లింగ్‌తో రాసినా తప్పు కాదు.

ఇలాంటి అన్నదమ్ములు ఇంకా ఉన్నారు. డబుల్ యాక్షన్ సినిమాలో తమ్ముడి బుగ్గన పుట్టుమచ్చ పెట్టి సరిపెట్టినట్టు, ఇంగ్లీషువాడు ఒక లాటిన్ పదాన్నే రెండుసార్లు తెచ్చుకుని అక్షరం మార్చి తెర మీదికి వదిలేశాడు. బీటెక్ కంప్యూటర్ సైన్సు పిల్లలు చదివే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ సంగతి చూడండి. రెండు ‘ఈ’ల మధ్య ‘టీ’ దూరి వాటిని విడదీస్తే విడివిడిగా ఉండేదని అర్థం. సెట్లు, గ్రాఫులు, లాజిక్కు అందులోకి వస్తాయి. ‘ఈ’లు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటే గుట్టుగా ఉంచేదని అర్థం. ఫలితాలొచ్చిన రోజున ఆ సబ్జెక్టు ఇంట్లో రెండో స్పెల్లింగ్‌కు మారిపోతుంది గనక విలీనానికి ఇక్కడ అడ్డే లేదు.

హోటళ్లు మనకంటే ముందే చొరవ తీసుకున్నాయి. కాంప్లిమెంట్‌లో నడుమ ‘ఐ’ ఉంటే మెచ్చుకోలు, లేదా మర్యాదకు ఉచితంగా ఇచ్చేది. ‘ఈ’ ఉంటే లోటు పూడ్చి పూర్తి చేసేది. గదితోపాటు టిఫిన్ ఉచితమని రాయబోయి చాలా హోటళ్లు ‘ఈ’ పెడుతున్నాయి. జనం నవ్వుతారుగానీ, ఇడ్లీ వడల ఖరీదు గది అద్దెలో ముందే కలిపేశారు కనుక అందులో ఉచితమేమీ లేదు. అది బిల్లును పూర్తి చేసే టిఫినే. తప్పు స్పెల్లింగ్ నిజం చెప్పేసింది.

ప్రిన్సిపల్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఇక్కడ డబ్బు ఉంది. చివర ‘పీ-ఏ-ఎల్’ వస్తే కాలేజీ పెద్ద, లేదా ముఖ్యమైనది, లేదా అప్పులో అసలు. ‘పీ-ఎల్-ఈ’ వస్తే సూత్రం, నియమం, నీతి. ఇది నామవాచకంగా తప్ప మరో పనికి రాదు. ముఖ్యమైన అనే విశేషణం కావలసిన చోట దీన్ని పెడితే ఎప్పుడూ తప్పే. ప్రిన్సిపాల్ నీకు పాల్, అంటే నేస్తం, అని గుర్తుపెట్టుకోమంటారు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో రెండేళ్లు గడిపిన ఏ పిల్లాడూ ఈ చిట్కాను నమ్మడు. అందుకని లెక్కతో గుర్తుపెట్టుకుందాం. యాభై లక్షల ఇంటి అప్పు, 20 ఏళ్ల గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అయితే నెలకు కట్టేది సుమారు రూ.43,391. మొదటి నెలలో అందులో రూ.35,417 వడ్డీకే పోతుంది. అసలుకు జమయ్యేది రూ.7,974. ‘ఏ’ ఉన్న ప్రిన్సిపల్‌కు దక్కేది ఆ చిన్న ముక్క. పెద్ద ముక్క ‘ఈ’ ఉన్న ప్రిన్సిపుల్ ప్రకారం బ్యాంకు తీసుకుంటుంది. నీతినీ అసలునూ ఒకే పదంలో కలిపేస్తే కనీసం రెండూ ఒకేసారి కరుగుతాయి.

పలుకుబడి విషయంలో తెలుగు నోరు విలీనాన్ని ఎప్పుడో పూర్తి చేసింది. నట్టు లూజైంది అంటాడు మెకానిక్. నడుం దగ్గర లూజుంచమంటాం టైలర్‌తో. లూజ్ మోషన్స్‌కు మందడుగుతాం మెడికల్ షాపులో. నిజానికి వదులుగా ఉన్నదని చెప్పే ఆ మాట ఇంగ్లీషులో ‘లూస్’, చివర పలికేది ‘స్’. ‘లూజ్’ అని పలికేది పోగొట్టుకోవడం, ఓడిపోవడం. దానికి ఒక్క ‘ఓ’నే. వదులైనదాన్ని మనం పోగొట్టుకున్నదాని గొంతుతో పిలుస్తున్నాం కనుక చెవిని నమ్మి రాసినవాడు మ్యాచ్ ఓడిపోయామని చెప్పబోయి మ్యాచ్‌ను వదులు చేసుకొస్తున్నాడు. ఆ నేరం పిల్లాడి మీద మోపడం అన్యాయం. ‘చూజ్’లో రెండు ‘ఓ’లు పెట్టి ‘జ్’ పలికించారు. ‘గూస్’లో అవే రెండు ‘ఓ’లు పెట్టి ‘స్’ పలికించారు. ‘లూజ్’కొచ్చేసరికి ఒక ‘ఓ’ పీకేసి ‘జ్’ పలకమన్నారు. పోగొట్టుకోవడమనే మాట తనలోని ‘ఓ’నే ఒకటి పోగొట్టుకుందని గుర్తుంచుకుంటే సరి, అంతకుమించి తర్కం అక్కడ వెతకొద్దు.

సైటు విషయంలో మనం సాధించింది ఇంకా గొప్పది. ‘ఎస్-ఐ-టీ-ఈ’ స్థలం, ‘ఎస్-ఐ-జీ-హెచ్-టీ’ చూపు, ‘సీ-ఐ-టీ-ఈ’ ఆధారంగా ఉటంకించడం. మూడింటినీ ఒక సైటులో పడేసి, అది చాలక కొత్త ఉద్యోగాలు కూడా ఇచ్చాం. శంషాబాద్ అవతల కొన్నది సైటు. ఇంటర్నెట్‌లో తెరిచింది సైటు. బస్టాపులో కుర్రాడు కొట్టేది సైటు. నలభై దాటాక కళ్లకు వచ్చేదీ సైటే. ఇంగ్లీషువాడికి సైట్ ఉందంటే చూపు ఉన్నట్టు. మనకు సైటొచ్చిందంటే చూపు తగ్గినట్టు. దీన్ని కేంబ్రిడ్జిలో చెప్పినా నమ్మరు. వెంచర్ వాళ్లు ఆదివారం వ్యాన్ ఎక్కించి సైటు చూపించాక, రిజిస్ట్రేషన్ నాటికి ఆ సైటు కనపడకపోతే అది ఏ స్పెల్లింగ్ లోపమో లాయర్లు తేల్చాలి.

విలీనాన్ని వ్యతిరేకించే తెలుగువాడు ఒక్కడు కనిపించాడు, అతను పత్రికా సబ్‌ఎడిటర్. ఇంగ్లీషువాడికి పడకా పుట్టుకా ఒక్కలాగే వినిపిస్తాయి, తేడా ‘ఈ’కీ ‘ఐ’కీ మధ్యే. మన సబ్‌ఎడిటర్ మాత్రం రైల్లో దొరికేదాన్ని బెర్త్ అనీ పుట్టినరోజును బర్త్‌డే అనీ చక్కగా వేరు చేశాడు. మంత్రివర్గంలో ఖాళీలు పడితే ‘బెర్త్ ఎవరికి’ అని శీర్షిక పెడతాడు. ఆ బెర్త్ దక్కినవారి తండ్రిగారి పేరు చూశాక ఇంగ్లీషు ఉచ్చారణే సరైనదనిపిస్తుంది.

లైసెన్స్ తగాదా అంతర్జాతీయం. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి ‘సీ’, క్రియకు ‘ఎస్’. మన మోటారు వాహనాల చట్టం, 1988 కార్డును ‘సీ’తోనే రాసింది. డ్రైవింగ్ స్కూల్ బోర్డుల్లో సగం ‘ఎస్’తో వేలాడుతుంటాయి. అనుమానమొస్తే ఆ చోట అడ్వైస్, అడ్వైజ్ పెట్టి చదవండి. ‘అడ్వైస్’ అతికితే ‘సీ’, ‘అడ్వైజ్’ అతికితే ‘ఎస్’. ప్రాక్టీస్‌కూ ఇదే కొలత. అయితే ఆ అడ్వైస్‌ను మనం ‘అడ్వైజు’ అనే పలుకుతాం కనుక కొలబద్దే లూజు. అమెరికావాడు ఈ గోల భరించలేక లైసెన్స్‌లో రెండింటికీ ‘ఎస్’, ప్రాక్టీస్‌లో రెండింటికీ ‘సీ’ అని తేల్చేశాడు. అంటే విలీనానికి పూర్వోదాహరణ ఉంది, కానీ ఒకచోట ఒకరిని, ఇంకోచోట ఇంకొకరిని గెలిపించాడు. పొత్తు ధర్మం కాబోలు. హైదరాబాద్‌లో ‘సీ’తో కారు నడిపిన ఇంజినీరు డాలస్‌లో స్థిరపడితే ‘ఎస్’ తెచ్చుకోవాలి.

హెరాయిన్, హీరోయిన్ మధ్య చివరి ‘ఈ’ ఒక్కటే అడ్డుగోడ. ఆ మందుకు 1898లో ఆ పేరు పెట్టింది బేయర్ కంపెనీ, వీరోచితమనే జర్మన్ మాట నుంచి. కనుక వీళ్లిద్దరూ దూరపు చుట్టాలే. పోస్టర్ మీద ‘ఈ’ మర్చిపోయి నూతన నటిని పరిచయం చేసే ప్రచారవిభాగం ఒక్కటి గమనించాలి. మాదకద్రవ్యాల చట్టం, 1985 కింద ఆ పదార్థం 5 గ్రాముల దాకా స్వల్ప పరిమాణం, 250 గ్రాములు దాటితే కమర్షియల్ పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గదు. ఈమె లేకపోతే సినిమా కమర్షియల్ కాదంటారు నిర్మాతలు. పోలీసులు కూడా అదే మాట వాడతారు, అందుకే భయం.

సభ అనే కౌన్సిల్, సలహా అనే కౌన్సెల్ జంటను వదిలేద్దాం. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా, స్లాట్ బుకింగ్, సర్టిఫికెట్ల తనిఖీ, ఆప్షన్ల నమోదు, సీటు కేటాయింపు అన్నీ జరిగి ఒక్క సలహా కూడా ఇవ్వని ప్రక్రియను కౌన్సెలింగ్ అని పిలిచే జాతికి ఆ తేడా చెప్పడం వృథా. పెళ్లి విందులో తీపి వంటకాల బల్ల మీది బోర్డులో రెండో ‘ఎస్’ ఎగిరిపోయి ఎడారులని పడుతుందంటారు. రాత్రి పదకొండుకు వెళ్లి చూడండి, డబుల్ కా మీఠా పళ్లెం నిజంగానే ఎడారి.

ఇక్కడ కంప్యూటర్ చూసుకుంటుందిలే అనేవాళ్లు లేస్తారు. స్పెల్లింగ్ తనిఖీ చేసేది ఆ మాట తన నిఘంటువులో ఉందా లేదా అని మాత్రమే. ఉంటే ఎర్రగీత పడదు. జంటపదాలు రెండూ నిఘంటువులో ఉన్న పెద్దమనుషులే కనుక ఎవరి కుర్చీలో ఎవరు కూర్చున్నా అది సెల్యూట్ కొడుతుంది. సందర్భాన్ని చూసి నీలిగీత గీసేవి ఈమధ్య మెరుగుపడ్డాయిగానీ, మూడు మాటల శీర్షికలో, నేమ్‌బోర్డులో వాటికి చూడ్డానికి సందర్భమే ఉండదు. అచ్చుతప్పులు పట్టడానికి వెనక నుంచి ముందుకు చదవమంటారు. అప్పుడు అసలే సందర్భం తెగిపోతుంది. పైకి చదివితే పట్టుబడతాయంటారు, ఒకే చప్పుడున్నవి ఎలా పట్టుబడతాయి? సర్వర్ పడిపోయినప్పుడల్లా ఐటీ విభాగం పంపే ‘మాతో బేర్ చేయండి’ మెయిల్‌ను ఎంత గట్టిగా చదివినా ఒకటే. ‘ఈ’ రెండో స్థానంలో ఉంటే ఓపిక పట్టమని. చివరికి జారితే మాతోపాటు బట్టలు విప్పమని.

పబ్లిక్‌లో ‘ఎల్’ ఎగిరిపోయి మర్మాంగాల మాటగా మారే ప్రమాదమైతే నోటీసులు అచ్చేసే ప్రతివాడి మెడ మీద కత్తి. దీనికొక మందుంది. విండోస్‌లో నడిచే వర్డ్‌కు ఎక్స్‌క్లూడ్ డిక్షనరీ అని ఒక ఫైలుంటుంది. యూజర్ ఖాతాలో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో యూప్రూఫ్ ఫోల్డర్ తెరవండి. భాషకొక ఫైలు కనిపిస్తుంది, మీరు టైపు చేసేది ఏ ఇంగ్లీషో దాని ఫైలే తీయాలి. చాలామంది అమెరికన్ ఇంగ్లీషు ఫైలులో రాసి, ఇండియన్ ఇంగ్లీషులో టైపు చేసి, పని చేయలేదంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వరసకొక మాట చొప్పున చిన్నక్షరాల్లో రాసి, భద్రపరిచి, వర్డ్‌ను మూసి తెరవండి. ఆనాటి నుంచి నిఘంటువులో ఉన్న మాటైనా ఎర్రగీత పడుతుంది. ‘ఎల్’ లేని పబ్లిక్‌ను మొదట చేర్చండి. మిగతావాటికి మీరు తరచూ తడబడే జంటల చీటీ రాసుకుని, పంపే ముందు ఒక్కోదాన్ని ఫైండ్‌లో కొట్టి ఆ వాక్యం చూసుకోండి. పది నిమిషాల పని. అందుకే ఎవరూ చేయరు, అందుకే విలీనం తప్పదు.

ఇక అమలు. జీవో ‘తక్షణం అమల్లోకి’ రావాలంటే ఎఫెక్ట్ ‘ఈ’తో ఉండాలి. ‘ఏ’తో మొదలయ్యే అఫెక్ట్ ప్రభావం చూపడమనే క్రియ. మార్పు తీసుకురావడమన్న అర్థంలో ‘ఈ’ ఎఫెక్ట్ కూడా క్రియే అవుతుంది, ఆ మెలిక టైపిస్టుకు చెప్పకపోవడం మేలు. సభలు నడవడం లేదు గనక రాజ్యాంగం 213వ అధికరణ కింద ఆర్డినెన్స్ తేవాలి. అది గవర్నర్‌గారి సంతకంతో పుట్టి, సభలు మళ్లీ కూర్చున్న ఆరు వారాలకు, ఆమోదం పొందకపోతే చచ్చిపోతుంది. మధ్యలో ‘ఐ’ ఎగిరిపోతే మాత్రం అది ఆర్డ్‌నెన్స్, అంటే ఆయుధ సామగ్రి. అప్పుడు ఫైలు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984 నుంచి ఉన్న ఆర్డ్‌నెన్స్ కర్మాగారానికి పోతుంది. అక్కడ తయారయ్యేవి సారథ్ బీఎంపీ యుద్ధవాహనాలు. ఆ ఊళ్లో దాన్ని ఓడీఎఫ్ అంటారు. బహిరంగ మలవిసర్జన లేని గ్రామానికీ అదే పేరు, ఆ జంట సంగతి వేరే కమిటీకి వదిలేశాం. ఎద్దుమైలారం వాళ్లు ఫైలు తెరిచి, దీనికి గొలుసుచక్రాలు ఎక్కడ బిగించాలో చెప్పమని రాస్తారు. ఆ లేఖ సచివాలయానికి చేరి, జవాబు టైపయ్యి, స్టేషనరీ లేక రెండు వారాలు ఆగి, తిరిగి బయల్దేరేలోపు ఆరు వారాలు గడుస్తాయి.