సవరణ: హైడ్రేంజియా (గుత్తులుగా పూసే పూలపొద) కత్తిరింపు

రాయగడ, కోరాపుట్, పర్లాకిమిడి మిత్రుల కోసం ఇచ్చిన గత సూచనలో ‘హైడ్రేంజియాను చలికాలం చివర కత్తిరించండి’ అని ఉంది. అది కొత్త చిగుళ్ల మీద పూసే పానిక్యులేటా (శంకువు ఆకారపు పూగుత్తులు) వంటి రకాలకే వర్తిస్తుంది. మన పెరళ్లలో ఎక్కువగా కనిపించేది మాక్రోఫిల్లా: గుండ్రని పూగుత్తులు, ఎదురెదురుగా మందపాటి ఆకులు, అంచున రంపపు పళ్లు. దీని మొగ్గలు నిరుటి కొమ్మల్లోనే దాగి ఉంటాయి. జనవరిలో కత్తెర పెడితే ఆ ఏటి పూత పోయినట్టే. దయచేసి ఆగండి! పూలు వాడగానే, గుత్తి కింద బలమైన మొగ్గల జంటకు కాస్త పైన కోయండి. కోరాపుట్ కొండల చల్లదనం ఈ మొక్కకు నప్పుతుంది. పర్లాకిమిడి ఎండలో మాత్రం మధ్యాహ్నం నీడ, వేళ్ల దగ్గర ఆరని తడి తప్పనిసరి.