మంచం చూడని పట్టాలు

హనుమకొండలో ఏ కూడలికి వెళ్లినా గోడల మీద అవే కాగితాలు. పదో తరగతి చాలు, రోగి సహాయకులుగా మూడు నెలల శిక్షణ, ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం. ఆ మూడు నెలల్లో రోగి మంచం దగ్గర నిలబడేది ఎన్ని రోజులో మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని ఏజెన్సీ పంపిన అమ్మాయికి అప్పగిస్తాడు. ఆమె చేతిలోని పట్టా చూసే నమ్ముతాడు. ఆ పట్టా ఇచ్చిందెవరు? ఫీజు వసూలు చేసినవారు. పరీక్ష పెట్టిందెవరు? వారే. ఉత్తీర్ణులని తేల్చిందీ వారే.

ముక్కు గొట్టంతో పాలు పోసేటప్పుడు రోగి తల ఎత్తి ఉంచాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపు సంచిని పక్క మీద పెడితే మూత్రం వెనక్కి మళ్లి ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే నడుము కింద చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. పుస్తకంలో బొమ్మ చూస్తే వచ్చే విద్య కాదిది. వార్డులో నర్సు పక్కన ఉండి, తప్పు చేసినప్పుడు చెయ్యి పట్టి ఆపితేనే వస్తుంది.

నర్సులకు 1947 నుంచి కౌన్సిల్ చట్టం ఉంది. మందులిచ్చేవారికి 1948 నాటి ఫార్మసీ చట్టం ఉంది. రోగి ఒంటి మీద అందరికంటే ఎక్కువసేపు చేతులుంచే సహాయకురాలి పేరు మాత్రం చట్టబద్ధమైన ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ల్యాబ్ టెక్నీషియన్ల వంటి అనుబంధ ఆరోగ్య వృత్తులకు 2021లో చట్టం వచ్చింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్ల ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2024లో గడువు విధించవలసి వచ్చింది. ఆ చట్టమైనా కనీసం 2000 గంటల చదువున్నవారినే లెక్కలోకి తీసుకుంటుంది. నెలల కోర్సులు చేసినవారిది గడప బయటి బతుకే. నైపుణ్యాభివృద్ధి పథకాల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే రోగి సహాయకుల కోర్సుకు ప్రమాణాలు రాసిపెట్టారు, సరే. గోడ మీద కాగితం అంటించిన కేంద్రం వాటిని పాటిస్తోందా అని అడిగేదెవరు?

నిబంధనలు బిగిస్తే పేద పిల్లల ఉపాధి పోతుందని, అసలే సహాయకుల కొరత ఉందని కొందరంటున్నారు. ములుగు, భూపాలపల్లి నుంచి అప్పు చేసి ఫీజు కట్టిన ఆ పిల్లలే ఈ దందాలో మొదట మోసపోతున్నవారు. వాడిన సూదిని ఎక్కడ పడేయాలో కూడా నేర్పకుండా వార్డుల్లోకి తోస్తున్నారు. రోగికి ఏమైనా అయితే నింద పడేది వారి మీదే. పట్టా ఇచ్చినవారు అప్పటికి మరో బ్యాచ్‌కు ఫీజు వసూలు చేస్తుంటారు.

శిక్షణ ఇచ్చినవారే పరీక్షించే పద్ధతి ఆగాలి. ప్రభుత్వ ఆసుపత్రి నర్సులు మంచం పక్కనే పరీక్ష పెట్టాలి. వార్డు శిక్షణ గంటలను ఆసుపత్రే ధ్రువీకరించాలి. అనుమతి ఒకసారి ఇచ్చి వదిలేయకుండా ఏటా చెప్పాపెట్టకుండా తనిఖీ చేయాలి. ఉత్తీర్ణుల పేర్లు ఎవరైనా చూసుకునేలా ఉండాలి.

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాల, ఎంజీఎం ఆసుపత్రి ఉన్న వరంగల్-హనుమకొండ నగరమిది. నేర్పగలవారు లేరని, పరీక్షించగలవారు లేరని ఇక్కడ ఏ అధికారీ అనలేడు. ఆ గోడల పక్క నుంచే రోజూ ఆఫీసుకు వెళ్లే అధికారులు కనీసం ఒక్కరోజైనా కారాపి, ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ చేసి, మీ విద్యార్థులు ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు పనిచేశారని అడగాలి.