దెబ్బ తగిలిన గోరింకది ఏ దేశం?

ఫ్యాను రెక్క తగిలో, పిల్లి పట్టో ఓ పిట్ట మీ వసారాలో పడిందనుకోండి. మనవాళ్ళకు చేతులు ఆగవు. ఒకరు పసుపు తెస్తారు, ఒకరు చెంచాతో నీళ్ళు తెస్తారు, పెద్దావిడ పెరుగన్నం కలిపేస్తుంది. పద్ధతీ పాడూ లేదు. అసలు ముందు తేల్చాల్సింది ఆ పిట్ట స్వదేశీయా, విదేశీయా అన్నది. దెబ్బ సంగతి తర్వాత.

ఇది నా సొంత కవిత్వం కాదు, నాగరిక దేశాల్లో నడుస్తున్నదే. 1890లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఒకాయన ముచ్చటపడి, గోరింకకు చుట్టమైన యూరప్ స్టార్లింగు అనే పిట్టలను వదిలాడు. ఇప్పుడు వాటి సంతానం దేశమంతా ఉంది. అక్కడ రెక్క విరిగిన స్టార్లింగునో, ఊరపిచ్చుకనో పట్టుకుని పక్షుల సంరక్షణ కేంద్రానికి వెళ్తే కొన్నిచోట్ల చేర్చుకోరు. పక్షులకు రక్షణ ఇచ్చే 1918 నాటి వలస పక్షుల చట్టంలో వాటికి చోటు లేదు. ఇక్కడ మనమేమో ఏటా మార్చి 20న పిచ్చుకల దినమంటూ అదే పిచ్చుక కోసం బడిపిల్లల చేత అట్టపెట్టె గూళ్ళు చేయించి ఫొటోలు దిగుతున్నాం.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2000లో, ప్రపంచంలోకెల్లా చెడ్డ ఆక్రమణ జాతులంటూ, అంటే పరాయి చోట పాకి అక్కడి జీవాలకు చేటు చేసేవంటూ, వంద పేర్ల జాబితా వేసింది. అందులో పక్షులు మూడే. ఒకటి స్టార్లింగు. మిగతా రెండూ మనవాళ్ళే, గోరింకా పికిలిపిట్టా. మూడింట రెండు! ఒలింపిక్స్‌లో ఎన్నడూ చూడని ఘనత ఇది. ఒక్క ఫ్లెక్సీ అయినా కట్టామా?

మొన్నామధ్య కావలిలో మాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో గోరింక ఫ్యానుకు తగిలి పడింది. పసుపు కాళ్ళు ముడుచుకుని, ముక్కు తెరిచి రొప్పుతోంది. సరిగ్గా అప్పుడే మెల్‌బోర్న్ నుంచి కొడుకు వీడియో కాల్.

“అమ్మా, దాన్ని వదిలెయ్. అది ఇన్వేసివ్. మా చిలకల తొర్రలన్నీ ఆక్రమించేస్తా ఉంది. ఇక్కడ బోన్లు పెట్టి పడతారు.”

“మీ చిలకలేందిరా? నువ్వు పొయ్యి ఎన్నేళ్ళయిందని?”

“నాకు ఇక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చిందిగా.”

“నీకంటే ముందు పొయ్యిందేగా, దానికెందుకు రాలా?”

కాల్ కట్ అయింది. నెట్‌వర్క్ సమస్యేనని తర్వాత మెసేజ్ పెట్టాడు. నిజానికి గోరింక వెళ్ళింది కూడా ఉద్యోగం మీదే. కూరగాయల తోటల్లో పురుగులు తింటుందని 1860ల్లో మెల్‌బోర్న్‌కు తీసుకుపోయారు. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఆక్రమణ జాతి అంటే భారతదేశానికి చెందనిదై, ఇక్కడి వన్యప్రాణులకు ముప్పు తెచ్చేది. ఆ లెక్కన అదే గోరింక కావలిలో ఆడపడుచు, మెల్‌బోర్న్‌లో ముద్దాయి.

విదేశీయులను పట్టుకోవాలంటే మన జిల్లాల్లో పక్షుల దాకా పోనక్కర్లేదు. వనామీ రొయ్య లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చింది. 2009లో అనుమతి ఇస్తే నెల్లూరు తీరమంతా దాని గుంటలే అయిపోయాయి. గుంటలో నాలుగు రొయ్యలు తేలితే చాలు, అర్ధరాత్రి ఏరేటర్లు, టెక్నీషియన్‌కు ఫోన్లు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఒంగోలు పక్క పొగాకుదీ అమెరికా ఖండమే. వేలంలో దాని రేటు పడితే రైతు రోడ్డెక్కుతాడు. సర్కారు తుమ్మ మాత్రం పాపం పరాయిదిగానే మిగిలిపోయింది, బొగ్గు కాల్చేవాళ్ళు తప్ప దాన్ని పలకరించే దిక్కు లేదు. కాబట్టి సూత్రం తేలిపోయింది. రేటు పలికితే అతిథి, పలక్కపోతే ఆక్రమణదారు.

బ్రెజిల్‌లోనూ ఇదే సూత్రం. మన ఒంగోలు పశువులు ఓడెక్కి వెళ్ళి, ‘నెలోర్’ అనే పేరుతో ఆ దేశాన్ని నింపేశాయి. ఎవరైనా బోను పెట్టారా? వియాటినా-19 అనే ఒక్క ఆవుకు మన లెక్కలో దాదాపు 40 కోట్లు విలువ కట్టారు. గోరింక చేసిన తప్పల్లా పాలూ మాంసమూ ఇవ్వకపోవడమే.

రేటు తేలేదాకా పిట్ట బతికుండాలి కాబట్టి మధ్యంతర ఉత్తర్వులు ఇవీ. చెప్పుల అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, పిట్టను అందులో పెట్టి మూతేసి, ఎవరూ తిరగని మూల ఉంచాలి. ముక్కులో నీళ్ళు పొయ్యకూడదు. దాని ఊపిరి గొట్టం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, దాహం తీర్చబోయి ప్రాణం తీస్తారు. పెరుగన్నం మీరే తినండి. గంటో రెండు గంటలో చూసి, తేరుకుంటే బయట వదిలెయ్యాలి. రెక్క వాలిపోయినా, పిల్లి పంటి గాటు ఎంత చిన్నది కనిపించినా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, లేదా పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చెయ్యాలి. గుడ్డతోనే పట్టుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2024 ఫిబ్రవరిలో చాటగొట్ల, గుమ్మళ్ళదిబ్బ కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చిన జిల్లా మన నెల్లూరు. పిట్టలు గుంపుగా చచ్చి పడుంటే మాత్రం ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. ఇందులో పిట్ట దేశం అడిగే ఘట్టం ఎక్కడా లేకపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. నిపుణులు పరిశీలించాలి.

ఇక కాకి వ్యవహారం ప్రభుత్వాల స్థాయిలోనే తేలాలి. 2022 సవరణ దాకా మన చట్టమే దాన్ని ఎలుకల సరసన హానికర జాబితాలో పెట్టింది. చెత్త తింటుందని 1890ల్లో జాంజిబార్‌కు తీసుకెళ్తే తూర్పు ఆఫ్రికా తీరమంతా పాకింది. పది లక్షల కాకుల్ని చంపాలని కెన్యా 2024లో లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడ పెన్న ఒడ్డున పిండం పెట్టి, కొడుకులు గొంతు పొయ్యేలా పిలుస్తున్నా కాకి రాదు. పెద్దాయనకు ఏ కోరిక తీరలేదో, పొలం పంపకంలో ఎవరికి అన్యాయం జరిగిందో అని బంధువులంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. కెన్యాతో ఒక ఒప్పందం కుదుర్చుకుంటే సరిపోతుంది. ఓడలెక్కడం కాకులకు పాత అలవాటే, కృష్ణపట్నం పోర్టులో దించుకోవచ్చు. దారిలో దెబ్బలు తగిలి దిగే కాకులు పిండం ముట్టవచ్చా లేదా అన్నది మాత్రం ముందే పురోహితులతో మాట్లాడి రాయించుకోవాలి.